బ్రోషర్‌లో పచ్చదనానికి కత్తెర పెట్టండి

తెల్లాపూర్ కుర్రకారూ, ఈ వారం మీ ఇంటి చెత్తబుట్టలోకి వెళ్లబోయే కాగితాలను ఒక్కసారి ఆపండి. ఆన్‌లైన్ ఆర్డర్ వచ్చిన అట్టపెట్టె, అందులో నలిపి కుక్కిన గోధుమరంగు కాగితం, పెళ్లయిపోయిన శుభలేఖ, పోయినేటి క్యాలెండర్, అగరొత్తుల డబ్బా, పేపర్లోంచి జారిపడ్డ వెంచర్ బ్రోషర్. ముఖ్యంగా ఆ బ్రోషర్! దానిమీద ఉన్నంత పచ్చదనం మన వీధుల్లో ఎక్కడుంది? ఆకాశాన్నంటే టవర్ చుట్టూ చిక్కటి చెట్లు, పైన మచ్చలేని నీలిరంగు, అందులో ఏ జాతివో తెలియని నాలుగు పక్షులు. ఆ చెట్లు వేపలా, కానుగలా, రావులా అంటే చెప్పేవాడు లేడు. అవి అమ్మకానికి పెట్టిన చెట్లు, పేరుతో పనిలేదు.

కత్తెర తెండి. ఆ పచ్చదనాన్ని కోసెయ్యండి. దాంతో పేరున్న చెట్టునొకదాన్ని నిలబెట్టండి.

కోలాజ్ చెయ్యమంటున్నాను. దొరికిన కాగితాలు చించి, అంటించి, పైన ఇంత రంగో సిరాగీతో దారప్పోగో చేర్చి బొమ్మ కట్టమంటున్నాను. బొమ్మలు గీయడం రాదని తప్పించుకోకండి. ఇక్కడ చెయ్యి తిరగక్కర్లేదు, కన్ను తిరగాలి. కోపం తెచ్చుకోనంటే ఒక మాట: మీలో చాలామందికి చూడటం రాదు. పొద్దున కాలేజీ బస్సు, సాయంత్రం కోచింగ్, మిగిలిందంతా ఫోను. ఇక చూసేదెప్పుడు? ఏడో తరగతి పిల్లకి కానుగచెట్టు తెలియకపోతే తప్పు మా పెద్దవాళ్లది. ఇరవై నిండాక కూడా తెలియకపోతే మాత్రం అది మీ ఖాతాలోకే వస్తుంది.

పాలపిట్టనే తీసుకోండి. మన రాష్ట్ర పక్షి. దసరానాడు కంటపడితే శుభమని పెద్దలు ఊరి పొలిమేరదాకా వెళ్లి మరీ వెతికేవారు. కరెంటు తీగమీద కూర్చున్నప్పుడు అదో మట్టిరంగు పిట్ట, తలెత్తి చూసేవాడుండడు. రెక్క విప్పిందో, నీలాలు భగ్గుమంటాయి. దీన్ని కాగితంలోకి తెండి చూద్దాం. ఒంటికి అట్టపెట్టె ముక్క చాలు. పైపొర తడిపి మెల్లగా ఒలిస్తే లోపలి గీతలు బయటపడతాయి. రెక్కలోపల శుభలేఖల నీలం, ఒకటి లేతది, ఒకటి ముదురుది, పక్కపక్కనే. రెక్కనంతా అంటించెయ్యకండి, భుజం దగ్గర మాత్రం జిగురు పెట్టి వదిలెయ్యండి. ముడిచి ఉంటే మట్టిపిట్ట, వేలితో ఎత్తితే నీలం. కంటికి క్యాలెండర్లో అమావాస్య నల్లచుక్క కత్తిరించుకోండి, అంతకన్నా గుండ్రటిది దొరకదు. మెడలో ఐడీ కార్డు వేస్తారా? వెయ్యండి, సైబరాబాద్ పిట్టే కదా! కొంటెతనం లేకపోతే ఇది హోంవర్క్ అయిపోతుంది. రెక్క నీలం మాత్రం సరైన చోట పడాలి. తెలిసి చేసిన అల్లరేదో, తెలియక చేసిన తప్పేదో చూసేవాడు ఇట్టే పట్టేస్తాడు.

పనిలో దిగాక కత్తెరకన్నా చేతికే ఎక్కువ పని చెప్పండి. న్యూస్‌పేపర్ ఒకవైపు తిన్నగా చిరుగుతుంది, రెండోవైపు చింపితే వంకర్లు పోతుంది. కాగితంలో నారలన్నీ ఒక దిక్కుకే పరుచుకుని ఉండటమే దానికి కారణం. తిన్నటిది గడ్డిపోచలకు, వంకరది బండరాళ్ల అంచులకు. నున్నటి బ్రోషర్ చింపితే ఒక ముక్కకి తెల్లటి అంచు వస్తుంది, రెండోదానికి రాదు. ఆ తెలుపు చెరువు అలకి పనికొస్తుంది. షాపు బిల్లులు, ఏటీఎం చీటీలు వద్దు. వేడి తగిలితే నల్లబడే రకం అవి, అచ్చు కూడా కొన్నాళ్లకే వెలిసిపోతుంది. న్యూస్‌పేపర్ ఎలాగూ పసుపుబారుతుంది, అందుకే ఎండుగడ్డికి వాడండి, ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా ఎండుతుంది. ఫెవికాల్‌లో కాసిని నీళ్లు కలిపి పల్చగా రాసి, మధ్యనుంచి అంచులకు గుడ్డతో నొక్కి, రాత్రంతా పుస్తకాల బరువు పెట్టండి. కోచింగ్ మెటీరియల్ ఇందుకు భేషుగ్గా ఉంటుంది. మైదా ఉడికించిన జిగురు మంచిదే కానీ పురుగులు వదలవు. పాతరోజుల్లో అందుకే మైలుతుత్తం కలిపేవారు. అది విషం, ఇంట్లో వద్దు.

ఇదంతా చిన్నపిల్లల క్రాఫ్ట్ అని పెదవి విరిచేవాళ్లు మీలోనే ఉంటారు. ఇంగ్లండ్‌లో మేరీ డెలానీ అనే పెద్దావిడ 72వ ఏట కాగితప్పూలు అంటించడం మొదలుపెట్టింది. నల్లటి కాగితంమీద ఒక్కో రేకూ, కేసరమూ విడివిడిగా కత్తిరించి పదేళ్లలో దాదాపు వెయ్యి పూలు చేసింది. చూపు మందగించాకే ఆపింది. అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. శాంతినికేతన్‌లో వినోద్ బిహారీ ముఖర్జీ 1950ల చివర్లో చూపు పూర్తిగా పోయాక కాగితం కత్తిరింపులకు దిగాడు, చేతివేళ్లనే కళ్లు చేసుకున్నాడు. మరి మీకు కళ్లున్నాయి, వేళ్లున్నాయి, రోజూ గుమ్మంలోకి వచ్చిపడే కాగితముంది. ఇంకేం కావాలి?

చూడ్డానికి దూరం పోనక్కర్లేదు. ముంబై హైవే దాటితే అమీన్‌పూర్ చెరువు, 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. ఫ్లెమింగోలు వచ్చే చోటు. వాటి గులాబీరంగు కోసం పాత ఎన్నికల కరపత్రాలు వెతకండి. ఆకుపచ్చా, కాషాయమూ కూడా అక్కడే దొరుకుతాయి, అన్ని పార్టీలూ మనకి పనికొస్తాయి. ఖాజాగూడ బండల దగ్గరకు పొండి. ఆ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఒకదానిమీద ఒకటి ఎలా నిలిచాయో చూసి అదే వరసలో అట్టముక్కలు పేర్చండి. ఇక్కడ బండలు పగలడం మీరు ఆపలేకపోవచ్చు, దానికి కోర్టులున్నాయి, 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్లున్నారు, వాళ్లతో చేరితే ఇంకా మంచిది. కానీ ఏ బండ పగిలిందో గుర్తుపట్టగలిగినవాడే కదా రేపు అడ్డం నిలబడేది. అంటించడానికి కూర్చున్నవాడికి ప్రతి పగులూ గుర్తుంటుంది. ఖాళీ జాగాలో తంగేడు పూసిందా, పునాదులు పడకముందే వెళ్లి రేకులు లెక్కపెట్టుకుని రండి.

ఒంటరిగా వద్దు. బ్లాకుకి నలుగురు చేరండి. ఇంటింటికీ తిరిగి కాగితాలు అడగండి, ఆంటీలు శుభలేఖలు కట్టలుగా దాచి ఉంచుతారు, సంతోషంగా ఇస్తారు. గ్యాలరీల చుట్టూ తిరక్కండి. లిఫ్టు పక్కన నోటీసు బోర్డుంది, పైకీ కిందకీ పోయే ప్రతి మనిషీ అక్కడ నిలబడక తప్పదు. అక్కడ పెట్టండి, కింద చెట్టు పేరో పిట్ట పేరో పెద్దక్షరాలతో రాయండి. అసోసియేషన్ వాళ్లు తియ్యమంటే తీసెయ్యండి. తీస్తూ తీస్తూ గడువు దాటిన మెయింటెనెన్స్ నోటీసులు కూడా అడిగి తెచ్చుకోండి. ఆ తెలుపు కొంగలకి బాగా పనికొస్తుంది.