రిపోర్టు రాకముందే రొట్టె మానొద్దు

క్యాంపులో ఎవరికి కడుపు బాగాలేకపోయినా మనం పెట్టే పేరు ఒక్కటే, గ్యాస్. విరేచనాలైతే నీళ్లు పడలేదంటాం. నీరసమైతే ఎండ దెబ్బంటాం. ఒక గోళీ మింగి తెల్లవారుజామున డ్యూటీ బస్సెక్కుతాం. చాలాసార్లు అది నిజంగా గ్యాసే కావచ్చు. కానీ నెలల తరబడి కడుపుబ్బరం, విరేచనాలు, తగ్గిపోతున్న బరువు, ఎన్ని ఐరన్ గోళీలు మింగినా పెరగని రక్తం ఉంటే డాక్టర్లు అనుమానించే జబ్బుల్లో సీలియాక్ ఒకటి.

ఈమధ్య నిజామాబాద్ వైపు తమ్ముడొకరు రిపోర్టు పట్టుకుని మా దగ్గరికొచ్చాడు. అయిదు నెలలుగా విరేచనాలు. క్లినిక్‌లో డాక్టరు ‘గోధుమ పడటం లేదేమో’ అన్నాడట. గదిలో అందరూ కలిసి కుబ్బూస్ మాన్పించారు. రెండు నెలలు అన్నం మీదే ఉన్నాడు, కడుపు కుదుటపడింది. ఆ తర్వాత రక్తపరీక్ష చేయించుకుంటే నెగటివ్ వచ్చింది. జబ్బు లేదనుకుని మళ్లీ కుబ్బూస్ మొదలుపెట్టాడు, మళ్లీ మొదటికొచ్చింది. రిపోర్టు ఇచ్చినవాళ్లు ఆయన్ను ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది: ‘గోధుమ తింటూనే ఉన్నావా?’ అని. ఆ మాట ఎవరూ అడగలేదు. మా బాధంతా అదే.

సీలియాక్ ఉన్నవారు గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లోని గ్లూటెన్ తింటే ఒంట్లోని రక్షణ వ్యవస్థ తన చిన్నపేగు మీదే దాడి చేస్తుంది. పేగు లోపలి పొర దెబ్బతిని తిన్నది ఒంటికి పట్టదు. రక్తపరీక్ష పట్టుకునేది ఆ దాడి ఆనవాళ్లనే. తినడం మానితే దాడి తగ్గుతుంది, ఆనవాళ్లూ తగ్గిపోతాయి. అప్పుడు జబ్బున్నా కాగితం మీద లేనట్టే కనిపిస్తుంది.

‘మనం అన్నం తినేవాళ్లం, మనకీ జబ్బెందుకు వస్తుంది?’ అని కొందరంటారు. ఆ మాటలో కొంత నిజముంది. 2016లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో ఉత్తర భారతంలో నూటికి సుమారు ఒకరికి ఈ జబ్బు కనిపిస్తే, దక్షిణాదిన పదివేలకు సుమారు ఒకరికి కనిపించింది. అయితే ఈ జబ్బుకు దారితీయగల జన్యువులు మాత్రం అన్ని ప్రాంతాల్లోనూ మూడింట ఒకరికి దాదాపు ఒకేలా ఉన్నాయి. పెద్ద తేడా తిండిలో ఉంది. దక్షిణాది వాళ్లు రోజుకు తినే గోధుమ చాలా తక్కువ. ఊళ్లో ఎప్పుడో ఒక చపాతీ తిన్నవాళ్లం ఇక్కడ పొద్దున పరోటా, రాత్రి కుబ్బూస్ తింటున్నాం. తిన్నంత మాత్రాన అందరికీ జబ్బు రాదు. కానీ మనవాళ్లకు రాదని తోసిపుచ్చడం కూడా తప్పే.

ఇక రిపోర్టు సంగతి. మొదట చేసేది టీటీజీ ఐజీఏ అనే రక్తపరీక్ష. మీ అంకె పక్కనే ఆ ల్యాబు హద్దు అంకె ఉంటుంది. ల్యాబు మారితే హద్దూ మారుతుంది, కాబట్టి పక్క మంచం అన్న రిపోర్టుతో పోల్చుకోవద్దు. అంకె హద్దుకు కాస్త పైన ఉంటే అనుమానం మాత్రమే. పది రెట్లు దాటితే అనుమానం చాలా బలమైనది.

దాంతోపాటు టోటల్ ఐజీఏ కూడా చూశారా అని అడగండి. కొందరి ఒంట్లో ఐజీఏ పుట్టుకతోనే ఉండదు. అలాంటివారికి టీటీజీ ఐజీఏ నెగటివ్ వచ్చినా దానికి విలువ లేదు. వారికి ఐజీజీ రకం పరీక్షలు చేయాలి.

రక్తంలో పాజిటివ్ వస్తే పెద్దవాళ్లకు సాధారణంగా ఎండోస్కోపీ చేసి చిన్నపేగు నుంచి చిన్న ముక్కలు తీసి చూస్తారు. ఒక్క ముక్క చాలదు, వేర్వేరు చోట్ల నుంచి నాలుగైదు తీయాలి. పేగు పొర దెబ్బతినడానికి ఇతర జబ్బులూ కారణం కావచ్చు కాబట్టి రెండు రిపోర్టులూ కలిపి చదవాలి. జన్యుపరీక్ష పాజిటివ్ వస్తే జబ్బున్నట్టు కాదు. నెగటివ్ వస్తే మాత్రం దాదాపు లేనట్టే. యాభై, వంద పదార్థాల పేర్లతో ‘మీకు పడనివి ఇవీ’ అని చెప్పే ఐజీజీ ప్యాకేజీలకు జీతం తగలేయొద్దు. వాటితో సీలియాక్ తేలదు.

ఈ పరీక్షలన్నీ అయ్యేదాకా గోధుమ మానొద్దు. ఇప్పటికే మానేసినవాళ్లు ఆ మాట డాక్టరుకు చెప్పండి. ఆయన సరేనంటే కనీసం ఆరు వారాలు, రోజూ ఒకటికి మించిన పూటల్లో గోధుమ తిన్నాకే మళ్లీ పరీక్షకు వెళ్లండి. ఛుట్టీ మీద ఊరికెళ్లి చేయించుకుందామనుకునేవాళ్లకూ ఇదే మాట. ఇంటికెళ్లి నెలా రెండు నెలలు అమ్మ చేతి అన్నం తిని, తిరుగు ప్రయాణానికి ముందు రక్తమిస్తే ఆ రిపోర్టు తప్పుదారి పట్టించవచ్చు. దిగిన వారంలోనే వెళ్లండి.

చాలామంది రిపోర్టు దాచుకోవడానికి కారణం భయం. ఇది అంటురోగం కాదు. ఒకే గదిలో ఉన్నా, ఒకే పళ్లెంలో తిన్నా ఎవరికీ అంటదు. పనికి పనికిరానివాణ్ని చేసే జబ్బూ కాదు. దీనికి ఖరీదైన మందుల్లేవు, తిండే మందు. జబ్బని తేలితే మాత్రం జీవితాంతం గ్లూటెన్ మానాలి. అన్నం, పప్పు, జొన్న రొట్టె, మక్క గటక, రాగి సంకటి మన తిండే కదా! ఉప్మా రవ్వ, సేమియా, మైదా బిస్కెట్లు, హరీస్, మాల్ట్ పానీయాలు, బీరు మానాలి. ఇంగువ పొడిలో కూడా చాలాచోట్ల గోధుమపిండి కలుపుతారు. చపాతీ కాల్చిన పెనం మీదే జొన్న రొట్టె కాలిస్తే ఆ కాస్త పిండీ హాని చేస్తుంది.

అందుకే మేమడిగేవి పెద్ద కోరికలు కావు. క్లినిక్‌లు రిపోర్టు చేతికిచ్చేటప్పుడు తెలుగో హిందీయో తెలిసినవారితో రెండు నిమిషాలు విప్పి చెప్పించాలి. కంపెనీలు పరీక్షకు వెళ్లిన రోజు జీతం కోయకూడదు. డాక్టరు చీటీ ఉన్నవాడికి మెస్ కాంట్రాక్టరు కుబ్బూస్ బదులు అన్నం పెట్టాలి, వేరే గరిటె వాడాలి. ఒక మనిషి కోసం ఒక గిన్నె వేరుపెట్టడం పెద్ద భారమేమీ కాదు.

మనం చేయాల్సిందీ ఒకటుంది. గదిలో కూర్చుని ఒకరికొకరం వైద్యం చెప్పుకోవడం ఆపాలి. ఆ తమ్ముణ్ని కుబ్బూస్ మాన్పించింది మనలాంటి వాళ్లమే, ప్రేమతోనే మాన్పించాం. ఆ ప్రేమే ఆయన పరీక్షను పాడుచేసింది. ఇప్పుడాయన మళ్లీ గోధుమ తింటూ, కడుపు పట్టుకుని డ్యూటీ చేస్తూ, రెండో పరీక్ష కోసం ఆరు వారాలు లెక్కపెడుతున్నాడు. ఈ కష్టం ఇంకొకరికి రాకూడదు. రిపోర్టు చేతికొచ్చినప్పుడు అది అర్థమయ్యేదాకా డాక్టరు ముందు కుర్చీలోంచి లేవకండి.