బ్లాడర్ గడ్డకు లేజరా, మామూలు ఆపరేషనా?

లేజర్ అనే మాటకు మన దగ్గర ఉన్న క్రేజ్ అంతా ఇంతా కాదు. చిత్తూరులో మా పెదనాయనకు మూత్రాశయంలో చిన్న గడ్డ ఉందని స్కాన్‌లో తేలగానే ఫ్యామిలీ గ్రూపులో మొదటి మెసేజ్: "మామూలు ఆపరేషన్ వద్దు, లేజర్ చేయిద్దాం, కోత ఉండదంట." రెండోది నాకు: "నువ్వు ఇంజనీరు గదా, చూసి చెప్పు." ఇంట్లో సాఫ్ట్‌వేర్ వాడుంటే మిక్సీ నుంచి లేజర్ దాకా అన్నీ వాడే చూడాల!

చూశా. తొలిదశ గడ్డకు మామూలు పద్ధతిలోనూ పొట్ట కొయ్యరు. మూత్రం వచ్చే దారిలోనే కెమెరా గొట్టం పంపి, కరెంటు పారే వైరు లూపుతో గడ్డను ముక్కలు ముక్కలుగా తీస్తారు. డాక్టర్లు టీయూఆర్‌బీటీ అనేది దీన్నే. లేజర్ పోయేదీ అదే దారిలో.

మరి తేడా ఎక్కడ? మూత్రాశయం పక్క గోడ దగ్గర్లో తొడకు పోయే నరం ఒకటుంటుంది. కరెంటు దానికి తగిలితే కాలు ఒక్కసారిగా ఎగురుతుంది. లూపు లోపలున్నప్పుడు అట్లా ఎగిరితే గోడకు చిల్లు పడొచ్చు. నరానికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చి దీన్ని చాలావరకు ఆపుతారనుకోండి. హోల్మియం, థూలియం లేజర్లతో ఆ భయం బాగా తక్కువ. రక్తం కూడా తక్కువ పోతుంది. గుండె జబ్బుకు రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఇంతవరకు లేజర్‌కే నా ఓటు. కానీ ఈ క్యాన్సర్‌తో అసలు తలనొప్పి, అది మళ్లీ మళ్లీ రావడం. ఆ విషయంలో లేజర్ కచ్చితంగా మేలని ఇంకా తేలలేదు. పైగా గడ్డను లేజర్‌తో ఆవిరి చేసేస్తే బయాప్సీకి ముక్క మిగలదు. అడుగున కండర పొరతో కలిపి తీస్తేనే క్యాన్సర్ ఎంత లోతుకు పోయిందో ల్యాబ్ చెప్పగలదు. అందుకే మెషీన్ పేరు కంటే ముందు అడగాల్సింది "శాంపిల్‌లో కండరం వచ్చిందా?" అని. రాకపోతే కొన్ని వారాల్లో మళ్లీ ఆపరేషన్ చెయ్యాల్సి రావొచ్చు.

ఆ తర్వాత కథ పొడుగే. రిస్క్ ఎక్కువుంటే మూత్రాశయంలోకి బీసీజీ ఎక్కిస్తారు. అవును, చిన్నప్పుడు మన భుజానికి వేసిన టీబీ టీకా మందే! మూడు నెలలకు మళ్లీ కెమెరా పరీక్ష, ఆపైన ఏళ్ల తరబడి చెకప్‌లు. చిత్తూరోళ్లకు తిరుపతి స్విమ్స్, వేలూరు సీఎంసీ రెండూ అందుబాటులోనే ఉన్నాయి. నా లెక్కలో, క్రమం తప్పకుండా పోయి రాగలిగేదే మంచి ఆసుపత్రి. బీడీ మానడం కూడా ట్రీట్‌మెంటే. ఈ జబ్బుకు అతిపెద్ద కారణం పొగ.

ఇంకొకటి. మన ఎండలకు మూత్రం ఎర్రగా వస్తే "వేడి చేసింది" అని సబ్జా నీళ్లు తాగి ఊరుకుంటారు. నొప్పి లేకుండా ఒక్కసారి రక్తం పడి ఆగిపోయినా సరే, ఆ వారమే యూరాలజిస్టుకు చూపించండి.