పుట్టిన చోట ఉండని గ్రహాలు



1995లో మిషెల్ మేయర్, డిడియే కెలోజ్ 51 పెగసీ నక్షత్రం దగ్గర ఒక గ్రహాన్ని కనిపెట్టారు. దాంతోపాటే ఒక తికమకా మొదలైంది. బృహస్పతిలో దాదాపు సగం ద్రవ్యరాశి ఉన్న వాయుగోళం, నాలుగు రోజులకో చుట్టు! నక్షత్రానికి అంత దగ్గర్లో అంతటి గ్రహం పుట్టడం కష్టం. దూరంగా, నీరు గడ్డకట్టే చలిలో పుట్టి లోపలికి జరిగి ఉంటుందని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం.

ఆ వలసే ఈ సంచికకు ఏకసూత్రం. తెలిసిన గ్రహాలు 2025లో 6000 దాటాయి. ఇక లెక్కపెట్టడంకన్నా వాటి పూర్వకథ అడగడమే ఆసక్తికరం. చిలీలోని ఆల్మా టెలిస్కోపు 2014లో హెచ్ఎల్ టౌరీ నక్షత్రం చుట్టూ ఉన్న ధూళి పళ్లెంలో చాళ్లు చూపించింది. పీడీఎస్ 70 అనే నక్షత్రం దగ్గరైతే ఇంకా పెరుగుతున్న గ్రహాలే చిక్కాయి. మా మోజు మాత్రం ట్రాపిస్ట్-1 నక్షత్రం మీద. అక్కడ మొదటి గ్రహం 8 చుట్లు తిరిగేలోగా రెండోది 5, మూడోది 3 తిరుగుతాయి, కాస్త అటూ ఇటూగా. కలిసి వలస వచ్చిన గ్రహాలకే ఇలాంటి పొత్తు కుదురుతుందంటారు.

మన బృహస్పతీ ఇలాగే కదిలిందా? మాలో మాకే ఏకాభిప్రాయం లేదు. రాజీ చేయకుండా రెండు వాదాలూ అచ్చువేశాం.