స్టీరియో కెమెరా కొంటున్నారా? ముందు రెండు లెన్సులూ ఉన్నాయో లేదో చూడండి

ఐఫోన్ 15 ప్రోకి స్పేషియల్ వీడియో వచ్చినప్పుడు మన గ్రూపుల్లో ఎంత హడావుడి జరిగిందో గుర్తుందా? రెండు లెన్సులతో ఒకేసారి తీసి, రెండు కళ్లకీ రెండు బొమ్మలు చూపించడం. ఐడియా బానే ఉంది, కానీ కొత్తదైతే కాదు. రెండు కళ్ల తేడా వల్లే లోతు కనిపిస్తుందని చార్లెస్ వీట్‌స్టన్ 1838లోనే బొమ్మలు గీసి చూపించాడు. ఫోటోగ్రఫీ గురించి ప్రపంచానికి తెలిసింది 1839లో. అంటే 3డి కంటే ఫోటోనే లేటు!

నా దగ్గరున్నది ఇకా కంపెనీ స్టీరియో ఐడియల్. ఇకా 1909లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో పుట్టింది, 1926లో జైస్ ఐకాన్‌లో కలిసిపోయింది. మూసి ఉంచితే తోలు అట్ట వేసిన లావుపాటి పుస్తకంలా ఉంటుంది. తెరిచి ముందుభాగం లాగితే బెలోస్ సాగుతుంది, పక్కపక్కనే రెండు లెన్సులు. ఒకదాని వెలుతురు ఇంకోదానిలోకి పోకుండా లోపల మధ్యలో ఒక అడ్డుతెర. వెనక 6×13 సెంటీమీటర్ల గాజు ప్లేటు. లెన్సుల మధ్య దూరం దాదాపు మన కళ్ల మధ్య దూరమంత, ఆరు సెంటీమీటర్ల పైన. ఫోన్‌లో లెన్సులు అంతకంటే బాగా దగ్గరగా ఉంటాయి. అందుకే దగ్గరి వస్తువులకి బాగానే వచ్చే లోతు, కాస్త దూరంలో ఉన్న మనిషికి వచ్చేసరికి పల్చబడిపోతుంది. దీన్ని ఏ అప్‌డేటూ పూర్తిగా సరిచేయలేదు.

సరే, అసలు సంగతికొస్తా. ఈ మధ్య సికింద్రాబాద్‌లో ఒక పాత సామాన్ల డీలర్ నాకు ఇలాంటిదే ఇంకో కెమెరా చూపించాడు. లెన్సుల చోట రెండు బొక్కలు. "లెన్సులు వేరేగా పోయినయ్ సార్, మిర్రర్‌లెస్‌కి అడాప్టర్ పెట్టుకుంటరంట. బాడీ షోకేస్‌లో మస్తు ఉంటది" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టను, కొనేవాళ్లే అలా అడుగుతున్నారు. నా కోపమంతా మన మీదే, అంటే కలెక్టర్ల మీద. ఫోకల్ లెంగ్త్ సరిగ్గా కలిసేలా ఏరి జత చేసిన లెన్సులవి. ఒకసారి విడిపోతే మళ్లీ అలాంటి జత దొరకడం దాదాపు అసాధ్యం. మిగిలేది కఫే గోడకి డెకరేషన్.

ప్లేట్ల గతి ఇంకా ఘోరం. సికింద్రాబాద్ వాళ్లకి గాజు ప్లేటు విలువ చెప్పాల్సి రావడం నాకు విచిత్రంగా ఉంటుంది. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్, 'రాజా ముసవ్విర్ జంగ్' బిరుదు పొందిన లాలా దీన్ దయాళ్ 1880లలో స్టూడియో పెట్టింది ఈ ఊళ్లోనే కదా. ఆయనకి పేరు తెచ్చినవి స్టీరియోలు కాదు, పెద్ద సైజు ప్లేట్లు. 1905లో ఆయన పోయారు. ఆయన గాజు నెగెటివ్‌లు 2,800 పైచిలుకు ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. వాటిని ఎవరో ఒకరు పారేయకుండా దాచారు కాబట్టే ఉన్నాయి.

కాబట్టి మీరు కొనేటప్పుడు కెమెరాతో పాటు ప్లేట్ హోల్డర్లు ఉన్నాయా అని అడగండి. అవి లేకపోతే నేనైతే వద్దనే అంటా. చీకటి గదిలో బెలోస్ లోపల ఫోన్ టార్చ్ పెట్టండి, చిల్లులుంటే నక్షత్రాల్లా మెరుస్తాయి. షట్టర్‌ని 240 ఎఫ్‌పీఎస్ స్లో మోషన్‌లో తీయండి. 1/25 సెకను దగ్గర సుమారు పది ఫ్రేములు తెరిచి ఉండాలి, అదీ రెండు వైపులా ఒకేసారి. ప్లేట్ల బదులు 120 ఫిల్మ్‌ని పూర్తి చీకట్లో 13 సెంటీమీటర్ల ముక్కగా కోసి, అంచు కొంచెం ట్రిమ్ చేసి వాడుకోవచ్చు. విసుగు పనే, అబద్ధం చెప్పను.

పాత ప్లేట్ల డబ్బా దొరికితే మాత్రం పండగే. ట్యాబ్‌లో తెల్ల స్క్రీన్ పెట్టి, ప్లేటుని దానికి ఒక అంగుళం ఎత్తులో ఉంచండి. మెరిసే గాజు వైపు పైకి, మసకగా ఉండే మందు వైపు కిందికి. ఫోన్‌తో ఫోటో తీసి, రంగులు ఇన్వర్ట్ చేయండి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. లెన్సు బొమ్మని తలకిందులు చేస్తుంది కాబట్టి, ప్లేటుని నిటారుగా తిప్పగానే ఎడమ కంటి బొమ్మ కుడివైపు వచ్చేస్తుంది. రెండు సగాల్నీ అటూ ఇటూ మార్చాల్సిందే, లేకపోతే దగ్గరున్న మనిషి గోడ వెనక్కి పోయినట్టు కనిపిస్తాడు.

మార్చాక, 2014 నాటి గూగుల్ కార్డ్‌బోర్డ్ అట్టపెట్టె ఇంట్లో మూల పడి ఉంటే దులిపి అందులో పెట్టి చూడండి. దాన్ని గూగులే 2021లో అమ్మడం ఆపేసింది. వందేళ్ల నాటి ప్లేటు మాత్రం అందులో ఇప్పటికీ ఏ యాప్ అడగకుండా పనిచేస్తుంది.