యంత్రము చెడినచో నష్టమెవరిది?

ఒకప్పుడు తెలుగువారి యింట వస్తువు చెడుట యనగా దానిని పారవేయుట కాదు. రోలు నున్నబడినచో ఉలితో గంట్లు పెట్టువాడు వీధిలోనికి వచ్చుచుండెను. బిందె కారినచో మాటు వేయించుచుండిరి. ఇత్తడి గిన్నెలకు కళాయి పూయించుచుండిరి. వస్తువును చేయువాడును, బాగుచేయువాడును చుట్టుపట్లనే యుండుటచే, చెడిన సంగతి ఎవరితో చెప్పుకొనవలెనో గృహిణికి తెలిసియుండెను.

నేడు రోటి స్థానమున మిక్సీయు గ్రైండరును వచ్చినవి. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ సామాన్య గృహములకును చేరినవి. స్త్రీల శ్రమ చాల తగ్గినది. రోటిలో పిండి రుబ్బిన చేతులకే ఆ మేలు విలువ తెలియును. కావున పాతకాలమే మంచిదని వాపోవుట తగదు. కాని యీ యంత్రములను చేయువాడు ఎక్కడనో యున్నాడు. అమ్మువాడు వేరొకడు, బాగుచేయువాడు మరియొకడు. యంత్రము అకాలమున చెడినప్పుడు ఈ మువ్వురిలో ప్రతివాడును మిగిలిన యిద్దరిని చూపును.

ఒక చిరుద్యోగి నెలవాయిదాల మీద ఫ్రిజ్ కొన్నాడని భావింపుడు. అంగడిలో "10 సంవత్సరముల వారంటీ" అని పెద్ద యక్షరములతో వ్రాసిన అట్టను చూచి అతడు ధైర్యముతో కొనెను. పదునాలుగవ మాసమున ఫ్రిజ్ చల్లబరచుట మానెను. వాయిదాలు ఇంకను తీరలేదు. కంపెనీ మెకానిక్ వచ్చి చూచి, బోర్డు కాలిపోయినదనియు, దాని ధరయు తన కూలియు కొన్నవాడే యిచ్చుకొనవలెననియు చెప్పెను. పదేండ్ల మాట యేమైనదని అడుగగా, అది కంప్రెసరుకు మాత్రమే యని సమాధానము. మిగిలిన భాగములకు ఒక్క సంవత్సరమే. ఆ సంగతియు కాగితమున లేకపోలేదు. చీమతలకాయలంత యక్షరములతో ఇంగ్లీషున నున్నది.

ఇట్టి షరతులు సర్వసాధారణములు. ఇందలి చమత్కారమును గమనింపవలెను. కంప్రెసరు ఫ్రిజ్‌కు గుండె వంటిది. అది గట్టి యినుప బుడ్డిలో మూయబడి యుండును. అంత సులభముగ చెడదు. దానిని నడపు ఎలక్ట్రానిక్ బోర్డు అరచేతి యంత పలక. కరెంటు హెచ్చుతగ్గులకును, వానకాలపు తేమకును, వెనుకనుండి దూరు బల్లులకును మొదట లోబడునది అదియే. గట్టిదానికి పదేండ్ల హామీ, మెత్తనిదానికి ఒక్క యేటి హామీ! పోనీ, కంప్రెసరే చెడినదనుకొన్నను, దానిని మాత్రము ఉచితముగా నిచ్చి, గ్యాసు నింపుటకును, కూలికిని, రవాణాకును వేరుగ సొమ్ము అడుగుట కలదు.

వారంటీ గడువు తీరినంతనే కొన్నవాని హక్కును తీరిపోయెనని పలువురు తలంతురు. ఇది సరికాదు. వారంటీ యనునది అమ్మకమును పెంచుకొనుటకై కంపెనీ తానై యిచ్చిన మాట, హక్కు చట్టమిచ్చినది. అమ్మువాని నేర్పును నమ్మి, తన యవసరమును తెలిపి వస్తువును కొన్నచో, ఆ వస్తువు ఆ పనికి తగినదై యుండవలెనను షరతు కాగితమున వ్రాయకున్నను ఆ బేరమున ఇమిడియున్నదని 1930 నాటి వస్తు విక్రయ చట్టమే కొన్ని పరిమితులతో చెప్పినది. 1986లో భారతదేశమున వినియోగదారుల రక్షణ చట్టము వచ్చెను. దానికి రాష్ట్రపతి ఆమోదము లభించిన డిసెంబరు 24ను జాతీయ వినియోగదారుల దినముగా జరుపుచున్నారు. ఆ చట్టము స్థానమున 2019లో మరియొక చట్టము చేయబడి, 2020 జులై నెలలో అమలునకు వచ్చినది.

ఈ చట్టమున "లోపము" అను మాటకు నిర్వచనము కలదు. నాణ్యతయందు గాని, పరిమాణమునందు గాని, సామర్థ్యమునందు గాని, శుద్ధతయందు గాని, చట్టమో ఒప్పందమో కోరిన ప్రమాణమునకు వస్తువు తక్కువైనచో అది లోపము. వారంటీ గడువులోనే బయటపడవలెనని ఆ నిర్వచనము చెప్పలేదు. చేయుటలోనే లోపమున్నదని తేలినచో దానిని సవరింపుమనియో, క్రొత్త వస్తువు నిమ్మనియో, ధరను తిరిగి యిమ్మనియో, నష్టపరిహారము చెల్లింపుమనియో జిల్లా కమిషన్ ఆజ్ఞాపింపగలదు. కొన్నవాడు తాను నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన ధర 5 లక్షల రూపాయలకు మించనిచో రుసుము లేదు. వివాదమునకు కారణము పుట్టిన నాటినుండి రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవలెను. అంతకు ముందు 1915 అను నంబరుకు ఫోను చేసినచో, తెలుగుతో సహా 17 భాషలలో సలహా దొరకును. అనేక తగవులు అచ్చటనే తీరుటయు కలదు.

ఐనను ప్రతి చెడిన యంత్రమునకును కంపెనీయే బాధ్యురాలనుట అన్యాయము. మిక్సీని ఒకేసారి ఎంతసేపు నడుపవచ్చునో దానితో వచ్చిన పుస్తకమున నుండును. దానిని చదువక, పండుగనాడు గంటసేపు ఆపకుండ పిండి రుబ్బి, మోటారు కాలినదని కంపెనీని నిందించుట తగునా? అడుగున నున్న ఎఱ్ఱని బొత్తాము బరువు ఎక్కువైనప్పుడు తానై వెలికివచ్చి మోటారును కాపాడును. ఆ సంగతి తెలియక, బొత్తాము నొక్కిన సరిపోవు మిక్సీని మోసికొని మెకానిక్ యొద్దకు పోవువారును కలరు. లోపము వస్తువునదో వాడుకదో తేల్చుటకే, అవసరమైనచో ప్రయోగశాలకు పంపు ఏర్పాటు చట్టమున నున్నది.

చట్టము మంచిదే. కాని ఒక బోర్డు ధర కొరకు దినకూలి వదలుకొని కమిషన్ చుట్టు తిరుగగలవా రెందరు? మూడు నెలలలో, పరీక్ష అవసరమైనచో అయిదు నెలలలో, వీలైనంతవరకు తీర్పు చెప్పవలెనని చట్టము కోరుచున్నది. ఆచరణయందు అంతకు మించి జాప్యమగుట కలదు. అంతకాలము ఆ యింట ఫ్రిజ్ గోడకు ఆనించిన బీరువా వలె నిలిచియుండవలసినదే. కనుక చెడిన పిమ్మట దొరకు న్యాయముకంటె, అమ్ముటకు ముందే చేయవలసిన న్యాయము ముఖ్యము. ఏ భాగము ఎంత ధరయో, ఎన్ని యేండ్లవరకు దొరకునో అమ్మునప్పుడే తెలుపవలెను. ఒక్క బోర్డు ధర యంత్రము ధరలో పెద్ద భాగమని ముందే తెలిసినచో కొనువాడు మరియొక యంత్రమును చూచుకొనును.

ఇట్లు చేసినచో ధరలు పెరుగునని కంపెనీల వాదము. పెరుగవచ్చును. కాని ఆ ఖర్చు ఇప్పుడు లేదా? ఉన్నది, దురదృష్టవశమున చెడిన యంత్రము ఎవరి యింటికి వచ్చెనో ఆ కుటుంబమొక్కటే దానిని మోయుచున్నది. వేయిమంది తలకొక కొంచెము మోయవలసిన బరువును పదిమంది నెత్తిన పెట్టి, ధర తక్కువయని చెప్పుకొనుట న్యాయము కాదు. పైగా బరువు తనదైనప్పుడే కంపెనీ బోర్డును గట్టిగ చేయుటకు పూనుకొనును.

కంపెనీల మాటను పూర్తిగ నమ్ముటకు వీలులేదని చరిత్రయు చెప్పుచున్నది. 1924లో కొందఱు బల్బుల ఉత్పత్తిదారులు జెనీవా నగరమున కూడి, సాధారణ బల్బు 1,000 గంటలకంటె ఎక్కువ వెలుగరాదని కట్టడి చేసికొని, మీరినవారికి జరిమానా విధించిరి. ఎక్కువకాలము వెలుగు బల్బు అదే కరెంటుకు తక్కువ కాంతి నిచ్చునను మాటలో కొంత నిజము లేకపోలేదు. కాని అది కొనువాడు తేల్చుకొనవలసిన విషయము.

ఫ్రాన్సు దేశమున 2021 జనవరి 1 నుండి వాషింగ్ మెషీన్, టెలివిజన్ మొదలైన వానిపై, బాగుచేయుట ఎంత సులభమో పదింటికి ఇన్ని మార్కులని ముద్రించు పద్ధతి ప్రారంభమయ్యెను. విడిభాగముల ధరకును అందు మార్కులున్నవి. తరువాత 2025లో ఆ రెండింటికి మన్నికను కూడ లెక్కించు సూచిక వచ్చినది. భారతదేశమున 2022 డిసెంబరు 24న కేంద్ర ప్రభుత్వము బాగుచేయించుకొను హక్కు కొరకు ఒక పోర్టల్‌ను ప్రారంభించినది. ఇది మంచి మొదలు. కాని కోఠిలోని గుజరాతీ గల్లీ వంటి చోట్ల చిన్న బల్లముందు కూర్చుండి, కాలిన రిలేను ఒక్కదానిని తీసి క్రొత్తది అతుకగల పనివానికి ఆ బోర్డు పటము దొరకినగాని ఆ హక్కు ఇంటివరకు రాదు. వెనుకటి వాల్వు రేడియోలలో పెక్కింటికి పెట్టె లోపలనే ఆ పటము అంటించి యుండెడిది.

షరతులను తెలుగున, కంటికి ఆను అక్షరములతో ముద్రింపుమని కోరుట పెద్ద కోరిక కాదు. నేడు అనేక గృహములలో ఆ ఇంగ్లీషు కాగితమును చదువవలసినది బడికి పోవు బాలుడో బాలికయో. ఏ భాగమునకు ఎన్నాళ్లు, కూలి ఎవరిది, రవాణా ఎవరిది యని సొమ్ము చెల్లింపకముందే అంగడిలో చదివి తల్లిదండ్రులకు చెప్పగలవారు వారే. బిల్లు ఇయ్యకుండుటయు చట్టప్రకారము అనుచిత వ్యాపార పద్ధతియే. కనుక దానిని అడిగి తీసికొనుటకు సంకోచింప నక్కరలేదు. నేటి అంగళ్లలో పెక్కు బిల్లులు వేడికి అచ్చుపడు కాగితముపై వచ్చుచున్నవి. కొన్ని నెలలకే వాని యక్షరములు వెలిసిపోవును. కావున తెచ్చిన నాడే వాని ఫోటో తీసి యుంచవలెను.