ఫుకుఓకాకి నాన్న తోట ఉంది

మసనోబు ఫుకుఓకా (1913–2008) ఏమీ చెయ్యకుండానే పంట పండించాడని మనవాళ్లు మురిసిపోతుంటారు. దున్నలేదు, రసాయన ఎరువు వెయ్యలేదు, పురుగుమందు కొట్టలేదు. నిజమే. కానీ కొమ్మలు కత్తిరించడం మానేసి మొదట్లో ఆయన పోగొట్టుకున్న కమలా చెట్ల సంగతి ఎవరూ ఎత్తరేం? ఆయన దాచలేదు, ‘గడ్డిపరకతో విప్లవం’లో తనే రాసుకున్నాడు. ఆ దెబ్బ నుంచి తేరుకుని, కోసిన గడ్డిని తిరిగి పొలంలోనే పరుస్తూ, దశాబ్దాల పాటు నేలని చదివాడు. అలా పొరపాట్లు చెయ్యడానికి జపాన్‌లోని షికోకు దీవిలో ఆయనకి తండ్రి తోట ఉంది. ఏడాది కౌలుకి చేసే మన రైతుకి ఏముంది? నేల కోలుకునేలోగా పొలం చేతులు మారిపోతుంది. ముందు ఆ కౌలు కాగితం సంగతి తేల్చండి. గడ్డిపరక గురించి తర్వాత చెబుదురుగాని.