ఓపిక లేదనేది ఎవరిని?

‘ఆవిడకు మొదటి నుంచీ కంగారెక్కువ’. ఉద్యోగం చేసే తల్లి పిల్లాడి మీద ఒకరోజు విసుక్కుంటే అత్తింట్లోనే కాదు, పుట్టింట్లోనూ వినిపించే మాట ఇది. పక్కింటావిడ బ్యాంకు ఉద్యోగాన్నీ ఇద్దరు పిల్లల్నీ నవ్వుతూ నెట్టుకొస్తోందన్న పోలిక దాని వెంటే వస్తుంది. ఈ మాటలో నిజం బొత్తిగా లేదనలేం, కొంత ఉంది. చిక్కల్లా ఆ కొంతనే పట్టుకుని మిగతాదంతా వదిలేయడంలో ఉంది.

మనిషి స్వభావాన్ని మనస్తత్వ శాస్త్రవేత్తలు ఐదు కోణాల్లో కొలుస్తారు. ఆందోళన, కలుపుగోలుతనం, కొత్తదనంపై ఆసక్తి, సర్దుకుపోయే గుణం, పని పట్ల పట్టింపు. వీటిలో ఆందోళన పాలు ఎక్కువున్న తల్లులకు పెంపకంలో ఒత్తిడీ ఎక్కువేనని అనేక అధ్యయనాలు చెప్పాయి. పిల్లకు జ్వరం వస్తే ఒకావిడ మందు వేసి, తడిగుడ్డ పెట్టి, ఆఫీసు కాల్‌లో కూర్చుంటుంది. మరొకావిడకు ఫిట్స్ వస్తాయేమోనన్న భయంతో రాత్రంతా కునుకు పట్టదు. జ్వరం ఇద్దరికీ ఒకటే. పెంపకం తీరును తల్లిదండ్రుల మనస్తత్వం, పిల్లల తత్వం, చుట్టూ ఉండే ఆసరా కలిసి నిర్ణయిస్తాయని అమెరికా పరిశోధకుడు జే బెల్‌స్కీ 1984లో ప్రతిపాదించాడు. ఆయన పెద్దపీట వేసింది మొదటిదానికే.

తర్వాతి లెక్కలు ఆ పీటను కాస్త కిందికి దించాయి. 2009లో పీటర్ ప్రింజీ బృందం 30 అధ్యయనాలను కలిపి చూస్తే, స్వభావానికీ పెంపకం తీరుకూ సంబంధం ఉందని తేలింది కానీ, అది చిన్నదే.

కొలతలోనూ ఒక మెలిక ఉంది. స్వభావాన్ని కొలిచే ప్రశ్నపత్రం, ఒత్తిడిని కొలిచే ప్రశ్నపత్రం చాలాసార్లు ఒకే మనిషి, ఒకే పూట నింపుతుంది. నెలల తరబడి నైట్ డ్యూటీలు చేస్తూ, పగలు పాపాయి ఏడుపు మధ్య నిద్రపోయే నర్సును ‘మీకు త్వరగా చిరాకు వస్తుందా?’ అని అడిగితే ‘వస్తుంది’ అనే అంటుంది. అది ఆమె స్వభావమా, నిద్రలేమి ఫలమా? ఆ కాగితం తేల్చలేదు. అయినా ‘కోపిష్టి’ అన్న ముద్ర మాత్రం ఇంట్లో ఖాయమైపోతుంది.

పని పట్ల పట్టింపు ఉన్న తల్లుల సంగతి ఇంకా ఆలోచించదగ్గది. సగటున ఆ గుణం మేలే చేస్తుంది. కానీ టీకా తేదీ, స్కూలు ఫీజు గడువు, ప్రాజెక్టు వర్కుకు కావలసిన చార్టు... అన్నీ గుర్తుంచుకునే మనిషి ఇంట్లో ఒకరుంటే, మిగతావాళ్ళు మరిచిపోవడానికి అలవాటు పడతారు. సమర్థురాలన్న మెప్పు వెనుక అదనపు పని వచ్చి పడుతుంది. కేంద్ర ప్రభుత్వ 2024 కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు దానిపై 289 నిమిషాలు, చేసే పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఈ తేడాకు కారణం స్త్రీల స్వభావమని ఎవరూ అనలేరు కదా!

ఆసరా మారితే అదే మనిషి వేరుగా కనిపిస్తుంది. తల్లిదండ్రుల్లో పెంపకపు అలసటపై 42 దేశాల్లో జరిగిన పరిశోధన 2021లో వెలువడింది. ఎవరి బతుకు వారిదే అన్న ధోరణి బలంగా ఉన్న పాశ్చాత్య దేశాల్లోనే ఈ అలసట ఎక్కువని అందులో తేలింది. అమెరికాలోని మనవాళ్ళకు ఇది అనుభవమే. అక్కడి కేంద్ర చట్టం ఇచ్చేది 12 వారాల సెలవు, అదీ జీతం లేకుండా. అందుకే కాన్పుకు అమ్మ, ఆర్నెల్లు నిండి ఆవిడ తిరిగొచ్చేసరికి అత్తగారు విమానమెక్కుతారు. ఇద్దరూ వెళ్ళిపోయాక ఆ ఇల్లాలి ‘స్వభావం’ మారినట్టు అనిపిస్తే ఆశ్చర్యమేముంది?

స్వభావాన్ని లెక్కలోకి తీసుకోవద్దని కాదు. ఆందోళన ఎక్కువున్న తల్లికి డాక్టరు భరోసా, నిద్ర, అవసరమైతే కౌన్సెలింగ్ ముందుగా అందాలి. ఏడుస్తున్న పిల్లను ఇంట్లో వదిలొచ్చిన బస్సు కండక్టరుకు, డ్యూటీ మధ్యలో ఫోను చేసుకునే వీలు ఏ ధ్యానం క్లాసు కన్నా ఎక్కువ మేలు చేస్తుంది. అందుకే తల్లులకు ఒత్తిడి తట్టుకునే శిక్షణ ఇచ్చి చేతులు దులుపుకునే సంస్థలు ముందు చట్టం చెప్పింది చేయాలి. 50 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్నచోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోనివ్వాలని 2017 ప్రసూతి ప్రయోజన సవరణ చట్టం చెప్పింది. కార్మిక శాఖ తనిఖీకి వెళ్ళినప్పుడు మొదట చూడవలసింది ఆ గదినే. అదే సవరణ తల్లికి జీతంతో కూడిన సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచింది. అందులో తండ్రి సెలవు ఊసే లేదు.